ముందురోజు రాత్రి వచ్చే ‘వద్దు’

తెలంగాణ రాష్ట్ర హోంమంత్రి గారికి,

గాజాలో కాల్పులు ఆగాలనీ, ఆకలితో ఉన్నవాళ్లకు తిండీ మందులూ అందాలనీ కోరుతూ ఇందిరాపార్కు ధర్నాచౌక్‌లో నిలబడదలచినవాళ్ల తరఫున ఒక్కటే అడుగుతున్నాం. అనుమతి ఇచ్చేదీ లేనిదీ మూడు రోజుల ముందే, కాగితం మీద చెప్పించండి.

మూడు వందల మంది నాలుగు గంటలు కూర్చోవాలంటే ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు పదిహేను కావాలి, మే నెలలో అయితే ముప్ఫై. ఇరవై మందికి ఒక వలంటీరు. ఫుట్‌పాత్ అంచున తాడు కట్టి, అంబులెన్స్ పోయేంత దారి వదలాలి. మైకు బాక్సులు జనం వైపే తిప్పాలి. చీకటిపడ్డాక కొవ్వొత్తులు వెలిగిస్తే పేపర్ కప్పు అడుగున చిల్లు పెట్టి కిందినుంచి గుచ్చాలి. లేకపోతే కరిగిన మైనం వేళ్ల మీద పడుతుంది. పట్టుకున్నది చిన్నపిల్ల అయితే ఉలిక్కిపడి వదిలేస్తుంది, పక్కనున్న ఆమె చున్నీ అంటుకుంటుంది.

ముందురోజు రాత్రి పదింటికి పోలీసులు ఫోన్‌లో ‘వద్దు’ అంటే ఈ ఏర్పాట్లన్నీ ఆగిపోతాయి. షామియానా అడ్వాన్సు పోతే పోయింది. కానీ ఆ కబురు సగం మందికే చేరుతుంది. మిగతావాళ్లు పొద్దున్నే వచ్చేస్తారు. అక్కడ తాడు ఉండదు, నీళ్లుండవు, ఎటు నిలబడాలో చెప్పే మనిషి ఉండడు. తలా ఒక మూల గుమిగూడతారు, ట్రాఫిక్ ఆగుతుంది, పోలీసు వ్యాన్లు వస్తాయి. వాళ్లు గొడవ చేద్దామని వచ్చినవాళ్లు కాదు. మాట ఆలస్యమవడం వల్లే ఆ గందరగోళం.

శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కు రాజ్యాంగం 19(1)(బి) అధికరణం ఇచ్చింది. ఢిల్లీలోని జంతర్‌మంతర్ దగ్గర నిరసనలను పూర్తిగా నిషేధించడం కుదరదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. రోడ్లను నిరవధికంగా ఆక్రమించకూడదని 2020లో అదే కోర్టు చెప్పిన మాటా మాకు శిరోధార్యమే. ఇక ముందస్తు అరెస్టుల సంగతి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (అరెస్టులు, క్రిమినల్ కేసులు ఎలా నడవాలో చెప్పే చట్టం) 170వ సెక్షన్ వాడాలంటే, వారంటు లేకుండా అరెస్టుకు వీలున్న నేరం జరగబోతోందని తెలిసి ఉండాలి, దాన్ని ఆపడానికి వేరే దారి ఉండకూడదు. కొవ్వొత్తి పట్టుకుని మౌనంగా నిలబడేవాళ్లకు అది ఎలా వర్తిస్తుంది?

దరఖాస్తు ఇచ్చిన రోజే నకలు మీద ముద్ర, తేదీ వేసి ఇప్పించండి. కాదంటే కారణం రాయించండి, ఇంకో చోటో ఇంకో వేళో చూపించండి. సరేనంటే ఆడవాళ్ల కోసం ఒక మొబైల్ టాయిలెట్‌ను, సభ మొదలయ్యే గంట ముందే, నీళ్లు నింపి పంపించండి.

ఇట్లు,
హైదరాబాద్‌లో శాంతియుత నిరసనల ఏర్పాట్లు చూసే వలంటీర్లం