బంగాళాఖాతం మీది మసకను కింది నుంచి కూడా కొలవండి: కేంద్ర మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర భూవిజ్ఞాన శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కాకినాడలో డిగ్రీ కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ని. తెలుగులో రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మీ శాఖ కింద పనిచేసే సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉంది, సముద్రాన్ని చూసే మన ఉపగ్రహాలు ఓషన్‌శాట్లు ఎగిరేది శ్రీహరికోట నుంచి, వాటి డేటా దిగేది షాద్‌నగర్‌లో. ఇది చదివి చెప్పేవాళ్లకు మీ దగ్గర కొరత ఉండదు. అంతరిక్ష శాఖ సహాయమంత్రి బాధ్యత కూడా మీదే కాబట్టి రెండు ఆఫీసులకు వెళ్లాల్సిన సంగతిని ఒకే కవర్లో పెడుతున్నాను.

అడిగేదేమిటో ముందే చెప్పేస్తాను. బంగాళాఖాతం మీద గాలిలో తేలే సన్నటి కణాలను, అంటే ఏరోసాల్స్‌ను, ఉపగ్రహాలు రోజూ కొలుస్తున్నాయి. ఆ లెక్క ఎంతవరకు నిజమో నీటి మీద నుంచి సరిచూసే పని మాత్రం ఎక్కువగా ప్రత్యేక పరిశోధన యాత్రలప్పుడే జరుగుతోంది. దాన్ని ఏడాది పొడవునా నడిచే పని చేయండి. దానికి కొత్త ఉపగ్రహం అక్కర్లేదు. అండమాన్ వెళ్లే ఓడల్లో చేతిలో ఇమిడే పరికరం ఒకటి, మా కాకినాడకు ఎదురుగా సముద్రంలో కదలకుండా ఉండే పరికరం ఒకటి ఉంటే చాలా దూరం వెళ్లవచ్చు.

సముద్రం మీద దుమ్మెక్కడిది సార్ అని పిల్లలు అడిగేవాళ్లు. గాలికి అలలు విరిగి నురగ లేస్తే ఆ తుంపర ఆరిపోయి ఉప్పు కణాలు గాలిలో మిగులుతాయి. అది సముద్రం సొంత సరుకు. వేసవిలో అరేబియా ఎడారుల ఇసుక ధూళి అరేబియా సముద్రం మీదుగా వస్తుంది. మన వైపు అసలు సంగతి చలికాలంలో ఉంటుంది. డిసెంబర్ నుంచి మార్చి దాకా గంగా మైదానంలోని పొయ్యిల పొగ, బొగ్గు పొగ, వాహనాల పొగ గాలివాటున బెంగాల్, ఒడిశా తీరాలు దాటి బంగాళాఖాతం మీద పరుచుకుంటుంది. మబ్బు ఉండదు, కానీ ఆకాశం నీలంగానూ ఉండదు.

దీన్ని కొలిచే అంకె పేరు ఏరోసాల్ ఆప్టికల్ డెప్త్. అది 0.1 ఉంటే నడినెత్తి సూర్యుడి నుంచి నేరుగా రావాల్సిన కాంతిలో దాదాపు 10 శాతాన్ని ఈ కణాలు దారిలోనే మింగేస్తాయి, లేదా పక్కకు చెదరగొడతాయి. 0.5 ఉంటే దాదాపు 40 శాతం పోతుంది. శుభ్రమైన నడిసముద్రం మీద ఈ అంకె 0.1 దాటడం తక్కువ. చలికాలంలో ఉత్తర బంగాళాఖాతం మీద 0.4 దాకా, కొన్ని రోజులు అంతకు మించి కూడా పోతుంది.

నిజానికి ఉపగ్రహానికి నేల కన్నా సముద్రమే సుఖం. నేల ఒకచోట ఎర్రగా, ఒకచోట పచ్చగా, ఊళ్ల దగ్గర తెల్లగా ఉంటుంది. కిందినుంచి వచ్చిన వెలుగేదో, గాలిలో కణాలు వెనక్కి కొట్టిన వెలుగేదో విడదీయడం కష్టం. లోతైన నీరు అలా కాదు. కంటికి కనిపించే ఎరుపు దాటిన కాంతిని అది దాదాపు పూర్తిగా మింగేస్తుంది. ఆ రంగులో చూస్తే కింద అంతా నలుపే. పైకి వచ్చిన వెలుగులో గాలి అణువుల వాటా ఎంతో ముందే లెక్క తెలుసు. అది తీసేస్తే మిగిలేది కణాల పనే. అమెరికావాళ్ల ఉపగ్రహాల మీదున్న మోడిస్ పరికరానికి చెప్పుకునే పొరపాటు హద్దు సముద్రం మీద 0.03కి తోడు విలువలో 5 శాతం. నేల మీద 0.05కి తోడు 15 శాతం.

ఇంత బాగుంటే ఈ ఉత్తరం ఎందుకు అంటారేమో. ఆ సుఖమంతా నీరు నల్లగా ఉన్నంతవరకే. సూర్యబింబం నీటిలో మెరిసే చోట కొలత కుదరదు. మబ్బు పడితే కుదరదు, అంటే నైరుతి నెలలు చాలావరకు పోయినట్టే. ఇక మా తీరం సంగతి. ఆగస్టు, సెప్టెంబర్‌లలో ధవళేశ్వరం గేట్లు ఎత్తాక గోదావరి ఒండ్రు మోసుకొచ్చి పాయల దగ్గరి సముద్రాన్ని గోధుమ రంగు చేసేస్తుంది. ఆ మట్టి, నీరు మింగాల్సిన వెలుగును వెనక్కి కొడుతుంది. పైనున్న పరికరం అది గాలిలోని ధూళే అనుకుంటుంది, లేదంటే ఆ చోటును లెక్కలోంచి తీసి పక్కన పెడుతుంది. మనుషులు ఎక్కువగా బతికే, పడవలు ఎక్కువగా తిరిగే ఆ సన్నటి పట్టీలోనే లెక్క బలహీనం.

అయితే నన్ను ఎక్కువ కలవరపెట్టేది మట్టి కాదు, మసి. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి.

సముద్రం మీది నుంచి ఉపగ్రహానికి చేరే వెలుగులో దాదాపు పదింట తొమ్మిది వంతులు గాలి నుంచి వచ్చేదే. నీటి రంగు చెప్పేది మిగతా ఒక్క వంతు. ఆ ఒక్క వంతులో నీలం, ఆకుపచ్చల పాళ్లు చూసి క్లోరోఫిల్ ఎంతుందో, అంటే చేపల మేత మొదలయ్యేది ఎక్కడో లెక్క కడతారు. 1999 మే 26న ఓషన్‌శాట్-1 ఎగిరినప్పటి నుంచి, 2022 నవంబర్ 26న వెళ్లిన ఓషన్‌శాట్-3 దాకా వాటి మీదున్న, నీటి రంగు కొలిచే మన ఓషన్ కలర్ మానిటర్ ప్రధానమైన పని ఇదే. ఆ ఒక్క వంతు బయటికి రావాలంటే ముందు ఏరోసాల్‌ను కొలిచి తీసేయాలి. ఎరుపు దాటిన రెండు రంగుల్లో కణాల వెలుగు కొలిచి, నీలంలో ఎంత ఉంటుందో అక్కడి నుంచి అంచనా వేస్తారు. ఉప్పు కణాలైతే ఈ అంచనా బాగానే కుదురుతుంది, అవి వెలుగును చెదరగొడతాయే తప్ప మింగవు. మసి మింగుతుంది. మింగిన సంగతి ఆ రెండు రంగుల్లో సరిగా బయటపడదు. ఫలితంగా నీలంలోంచి ఉండాల్సిన దానికన్నా ఎక్కువ తీసేస్తాం. నీలం తగ్గితే నీరు పచ్చగా కనిపిస్తుంది. పచ్చగా కనిపిస్తే క్లోరోఫిల్ ఎక్కువని లెక్క వస్తుంది.

మత్స్యకారులకు ఇన్‌కాయిస్ ఇచ్చే చేపల జాడ సలహాల్లో సముద్రపు ఉష్ణోగ్రతతో పాటు ఈ క్లోరోఫిల్ పటమూ ఒక ఆధారం. మబ్బుల్లేక ఆ పటాలు బాగా వచ్చే నెలలూ, పొగ వచ్చే నెలలూ ఒకటే. ఆ సలహాలు పనికిరావని నేను అనడం లేదు, తెలుగులో అందుతున్న మంచి ప్రభుత్వ సేవల్లో అదొకటి. పొగ ఉన్న రోజున ఆ పటం ఎంత తప్పుతోందన్నది మాత్రం నీటి మీద కొలిస్తేనే తేలుతుంది. డీజిల్ పోసుకుని వెళ్లేవాడికి అది తేల్చి చెప్పాల్సిన బాధ్యత ఉంది.

మన శాస్త్రవేత్తలకు ఇది కొత్త కాదు. 1999లో ఇండోయెక్స్ యాత్ర హిందూ మహాసముద్రం ఉత్తర భాగం మీద పొగ దుప్పటి ఎంత దూరం పరుచుకుందో ప్రపంచానికి చూపించింది. 2006లో ఐకార్బ్ పేరుతో సాగర్ కన్య ఓడ బంగాళాఖాతం, అరేబియా సముద్రం చుట్టి వచ్చింది. 2008-09 చలికాలంలో మళ్లీ, 2018లో మళ్లీ వెళ్లారు. పోర్ట్ బ్లెయిర్‌లో, లక్షద్వీప్‌లోని మినికాయ్‌లో ఏరోసాల్స్ కొలిచే ఇస్రో నెట్‌వర్క్ స్టేషన్లున్నాయి. లక్షద్వీప్‌లోనే కవరత్తి దగ్గర ఓషన్‌శాట్‌ను సరిచూసే చోటు ఉంది. ఇవన్నీ గొప్ప పనులే. కానీ యాత్ర అంటే కొన్ని వారాలు. ఒక యాత్రకూ ఇంకో యాత్రకూ మధ్య ఏళ్లు గడిచిపోతాయి.

ఈలోగా పైన పరికరాలు పాతబడతాయి. కొట్లో కాటాకు తూనికలు, కొలతల శాఖవాళ్లు వచ్చి ముద్ర వేసి వెళ్తారు. ఆకాశంలో తిరిగే కాటాకూ ముద్ర కావాలి కదా. లోపలే సరిచూసుకునే ఏర్పాట్లు కొన్ని ఉన్నా అవి సరిపోవు. మోడిస్‌లను మోస్తున్న ఉపగ్రహాల్లో టెర్రా 1999లో, ఆక్వా 2002లో ఎగిరినవి. రెండూ చివరి దశలో ఉన్నాయి, కక్ష్య నుంచి మెల్లగా జరుగుతున్నాయి. ఆ రికార్డు ఆగిపోయేలోపు దాన్ని ఓషన్‌శాట్-3 రికార్డుతో అతికించాలంటే రెండింటినీ ఒకే కొలబద్దతో పోల్చాలి. ఆ కొలబద్ద నీటి మీద ఉండాలి.

ఓడల సంగతి సులువు. సూర్యుడి వైపు పెట్టి బటన్ నొక్కితే వెలుగు కొలిచే చేతి ఫొటోమీటర్లు ఉన్నాయి. 2006 నుంచి నాసావాళ్ల మారిటైమ్ ఏరోసాల్ నెట్‌వర్క్ ఇలాంటి వాటినే వేరే పని మీద తిరిగే ఓడల్లోకి ఎక్కించి, కొలతలను అందరికీ తెరిచి పెడుతోంది. విశాఖ, చెన్నై, కోల్‌కతాల నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు, ఇప్పటి పేరు శ్రీవిజయపురానికి, వెళ్లే ప్రయాణికుల ఓడలు బంగాళాఖాతాన్ని అడ్డంగా దాటుతాయి. ఎక్కడ పొగ ఉంటుందో ఆ దారినే. డెక్ మీద ఒక ఆఫీసర్‌కు ఒక పూట నేర్పితే వచ్చే పని ఇది.

స్థిరమైన పరికరానికి వెనిస్ దగ్గరి సముద్రంలోని టవర్ మంచి నమూనా. అక్కడ 2002 నుంచి ఒక యంత్రం తనంతట తానే సూర్యుణ్ని చూసి గాలిని కొలుస్తుంది, తల వంచి నీటి రంగునూ కొలుస్తుంది. కేజీ బేసిన్‌లో చమురు, గ్యాస్ ప్లాట్‌ఫాంలు ఇప్పటికే నిలబడి ఉన్నాయి. మంట మండే ప్లాట్‌ఫాం మీద పెడితే దాని మసినే కొలుచుకుంటూ కూర్చుంటాం, కాబట్టి చోటు చూసి ఎంచుకోవాలి. గోదావరి బురద అప్పుడప్పుడు వచ్చి పోయే చోటైతే తేట నీటినీ మట్టి నీటినీ ఒకే పరికరం చూస్తుంది.

వచ్చిన కొలతలు ఏ రోజువి ఆ రోజే ఉపగ్రహ డేటా అందించే ఇస్రో వెబ్‌సైట్ భూనిధి పోర్టల్‌లో పెట్టించండి. సైంటిస్టులకే కాదు, మా కాలేజీ పిల్లలు కూడా తీసి గీసుకునేలా. చేపల జాడ సలహాలో, గాలి బాగా మసకగా ఉన్న రోజున ఆ మాట ఒక వాక్యంగా తెలుగులో చేర్చమని ఇన్‌కాయిస్‌కు చెప్పండి. నమ్మకం తక్కువ ఉన్న రోజు ఏదో తెలిస్తే ఎంత దూరం వెళ్లాలో పడవవాడు తేల్చుకుంటాడు.

ఓడలు మీ శాఖవి కావని తెలుసు, చమురు ప్లాట్‌ఫాంలూ కావు. కానీ ఆ రెండు శాఖల మంత్రులకు మీరు రాసే ఉత్తరానికి ఉండే బరువు నా ఉత్తరానికి ఉండదు. ఓడల పని డిసెంబర్ లోపు మొదలుపెట్టిస్తే ఈ చలికాలపు పొగ లెక్కలోకి వస్తుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్,
కాకినాడ