ఆసుపత్రి గేటు ఎదురు మందుల షాపు అన్నకి

నిన్న రాత్రి ఎనిమిదింటికి పాపకి పదో రోజు ఆఖరి డోసు పడింది. సీసా మూత పెట్టేసి, పాప పడుకున్నాక రాస్తున్నాను. సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో లెక్కలేదు, అక్షరాలు తప్పుపోతే సర్దుకోండి.

పాపకి ఎనిమిదేళ్ళు, 24 కిలోలు. ఫిట్స్ వచ్చాయి. ఎమ్మారైలో 9 మిల్లీమీటర్ల రింగు, దాని లోపల ఓ పక్కగా చుక్క. ఆ చుక్క పురుగు తల. న్యూరోసిస్టిసర్కోసిస్, అంటే బద్దెపురుగు గుడ్డు కడుపులోకి పోయి, పిల్లపురుగు రక్తంలో మెదడు దాకా చేరి తిత్తి కట్టడం. రింగు 20 మిల్లీమీటర్లు దాటితే టీబీ గడ్డేమోనని అనుమానిస్తారు. మనది చిన్నది, చుక్క కూడా కనబడింది కాబట్టి పురుగు మందే అన్నారు.

మా ఆయన, అత్తయ్య, తమ్ముడు పగలూ రాత్రీ తిరిగారు. వాళ్ళకి ఇక్కడ థాంక్స్ చెబితే నవ్వుతారు. ఈ పోస్టు నాకు పేరు కూడా తెలియని అన్న కోసం.

రాత్రి పదిన్నరకి వార్డులో చీటీ చేతిలో పెట్టి "బయట తెచ్చుకోండి" అన్నారు. ఆల్బెండజోల్ సిరప్, 4.5 మి.లీ., రోజుకి రెండుసార్లు, పది రోజులు. కింద ప్రెడ్నిసొలోన్, వాపు తగ్గించే స్టెరాయిడ్. రెండూ రేపటి నుంచే. నేను ఏఎన్‌ఎంని. ఇదే ఆల్బెండజోల్‌ని ఏటా నులిపురుగుల దినాలకి బడి పిల్లల చేత వరసబెట్టి నమిలిస్తాను. అయినా ఆ చీటీలో లేనిదేమిటో నాకు తట్టలేదు. షాపు అన్నకి తట్టింది.

షాపు దగ్గర నా ముందు ఒక కుర్రాడు ఉన్నాడు, వైవాక్స్ మలేరియా. అన్న అతనికి ప్రైమాక్విన్ చూపిస్తూ చెబుతున్నాడు. "క్లోరోక్విన్ మూడు రోజుల్లో జ్వరం దించుతుంది, లివర్‌లో దాక్కున్నదాన్ని మాత్రం ఏమీ చెయ్యదు. దానికే ఈ 14 రోజులు. మధ్యలో మానేస్తే నెలల తర్వాత మళ్ళీ నా దగ్గరికే వస్తావు. జీ6పీడీ పరీక్ష చేశారా? రక్తంలో అది తక్కువున్నవాళ్ళకి ఈ మాత్ర రక్తకణాల్ని పగలగొడుతుంది. మూత్రం నల్ల టీలా వస్తే మాత్ర ఆపి అదే మూత్రం సీసాలో పట్టుకుని పరుగెత్తు." కుర్రాడు వెళ్ళాక నా చీటీ అందుకుని మందు తియ్యకుండా అడిగాడు, "పాప బరువెంత చెల్లెమ్మా? కంటి డాక్టరు చూశారా?"

చూడలేదు.

ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. పురుగు మందు మొదలెట్టే ముందు కంటి లోపల చూడాలి, ఫండస్ పరీక్ష. కంట్లోనూ ఒక తిత్తి ఉంటే మందుకి అది చచ్చి, దాని చుట్టూ వాపొచ్చి చూపు పోవచ్చు. ఆయన అక్కణ్ణుంచే డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేశాడు. డాక్టరు విసుక్కున్నట్టు వినబడింది, ఈయన మాత్రం గొంతు పెంచలేదు. "సర్, స్టెరాయిడ్ రేపు మొదలెట్టి, కళ్ళు చూపించాక ఎల్లుండి పురుగు మందు వేయమంటారా?" అని మూడుసార్లు అడిగాడు. చివరికి ఔనన్నారు.

స్టెరాయిడ్ ఎందుకు ముందంటే, బతికున్న తిత్తి శరీరానికి అంతగా కనబడకుండా నెట్టుకొస్తుంది. మందు దాన్ని చంపగానే లోపలి సరుకు బయటపడుతుంది, మెదడు దాని మీద విరుచుకుపడుతుంది. మొదలెట్టిన రెండో రోజు నుంచి అయిదో రోజు లోపల తలనొప్పి, వాంతి, మళ్ళీ ఫిట్స్ రావడం అందుకే. మెదడంతా ముందే వాచి ఉంటే పురుగు మందు అసలు ఇవ్వకూడదు, ముందు వాపు తగ్గించాలి. తిత్తి గట్టిపడి సున్నపు ముక్కయిపోతే చంపడానికి అందులో ఏమీ ఉండదు, అప్పుడు ఫిట్స్ మందు ఒక్కటే.

లెక్క బిల్లు వెనక వేశాడు. కిలోకి రోజుకి 15 మి.గ్రా., 24 కిలోలకి 360, పూటకి 180. సిరప్ 5 మి.లీ.లో 200 మి.గ్రా. ఉంటుంది, కాబట్టి 4.5 మి.లీ. 10 మి.లీ. సీసా రోజుకి ఒకటి. అడుగున మిగిలే 1 మి.లీ. రేపటి సీసాలో కలపొద్దు, పారబొయ్యి. మందు అడుగుకి దిగిపోతుంది కాబట్టి సీసా బాగా కుదిపాకే లాగాలి, లేకపోతే పొద్దున నీళ్ళు, రాత్రి ముద్ద. ప్రెడ్నిసొలోన్ సిరప్‌లో రెండు బలాలున్నాయి. మామూలుది 5 మి.లీ.లో 5 మి.గ్రా., ఫోర్ట్‌ది 15. పేరు ఒకటేనని తీసుకుంటే మూడు రెట్లు తేడా. ఫిట్స్‌కి ఇచ్చిన లెవెటిరాసెటమ్ సిరప్‌లో 1 మి.లీ.కే 100 మి.గ్రా., దానికి వేరే సిరంజి. ఫెనిటోయిన్, కార్బమజిపైన్ ఆల్బెండజోల్ బలాన్ని రక్తంలో తగ్గించేస్తాయి, లెవెటిరాసెటమ్‌తో ఆ గొడవ లేదు. అవి వాడేవాళ్ళు డాక్టరుకి తప్పక చెప్పండి.

అప్పటికి నా చెయ్యి వణుకుతోంది. రోజూ ఇంజెక్షన్లు వేసే చెయ్యి. ఆయన చూశాడు, ఏమీ అనలేదు. షట్టరు సగానికి దించి, సూది లేని 5 మి.లీ. సిరంజి తీశాడు. 4.5 దగ్గర తెల్ల ప్లాస్టరు సన్నగా కత్తిరించి చుట్టాడు. స్టీలు గ్లాసులో మంచినీళ్ళు పోసి నా ముందు పెట్టి "లాగు" అన్నాడు. లాగాను. గాలిబుడగ ఉంది. "మళ్ళీ." అయిదుసార్లు లాగించాడు. అయిదోసారి నీళ్ళు సరిగ్గా ప్లాస్టరు అంచుకి ఆగాయి. అక్కడ కూలబడి ఏడ్చేశాను. ఆయన గ్లాసు కడిగి వచ్చేదాకా ఏడ్చాను. సిరంజికి డబ్బులు తీసుకోలేదు. పది సీసాల మీదా మార్కరుతో ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసి ఇచ్చాడు.

"ఇడ్లీ చట్నీతో వద్దు చెల్లెమ్మా, కొవ్వు కావాలి" అన్నాడు. మనం బళ్ళో వేసే మాత్ర పేగుల్లోని పురుగుకి, అది రక్తంలోకి తక్కువ ఎక్కినా నష్టం లేదు. మెదడులో పురుగుకి మాత్రం రక్తంలోకి ఎక్కాలి. కొవ్వున్న భోజనంతో అయితే పరగడుపు కన్నా అయిదు రెట్ల దాకా ఎక్కుతుంది. మా పాపకి పొద్దున గుడ్డు అట్టు, రాత్రి నెయ్యి వేసిన పప్పన్నం, మీగడ పెరుగు. ముద్ద నోట్లో ఉండగానే మందు.

మూడో రోజు నిజంగానే తలనొప్పి వచ్చింది, ఒక వాంతి. ఆ సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు. పిలిస్తే పలుకుతోందా, మెడ వంచుతోందా, కళ్ళు మసకలా అని అడిగాడు. బాగానే పలుకుతోందన్నాను. వెంటనే డ్యూటీ డాక్టరుకి చెప్పమన్నాడు. డాక్టరు వచ్చి చూసి మందు ఆపొద్దన్నారు. మత్తుగా ఉన్నా, వాంతులు ఆగకపోయినా ఒక్క క్షణం ఆలోచించకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. ఫిట్ అయిదు నిమిషాలు దాటితే ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే ఇచ్చారు. దాని మీద ఏం రాసుందో ఇప్పుడే చూసి పెట్టుకోండి. కొన్నిట్లో ఒక నొక్కుకి 0.5 మి.గ్రా., కొన్నిట్లో 1.25.

ఒక్క మాట అనకుండా ఉండలేను. ఫిబ్రవరి 10కి, ఆగస్టు 10కి ఇదే మందు మా సబ్‌సెంటరుకి పెట్టెలకి పెట్టెలు దిగుతుంది. పెద్దాసుపత్రి కిటికీలో మాత్రం ఒక్క 400 మాత్ర చేతిలో పెట్టి "పురుగులకి ఒకటి చాలు" అన్నారు. డాక్టరు ఒప్పుకుంటే పూటకి సగం మాత్ర, 200 మి.గ్రా., లెక్కకి దగ్గరే. పది మాత్రలతో పోయేది. ఆ పది ఇవ్వలేదు. చీటీలో బరువు లేదు, తిండి మాట లేదు, కళ్ళ మాట లేదు. చదువు రాని తల్లి ఆ చీటీతో ఏం చేస్తుంది?

పాపకి ఇదెలా వచ్చిందని అడుగుతున్న అందరికీ ఒకేసారి చెబుతున్నా. మేము పంది మాంసం తినం. అది సరిగ్గా ఉడకకుండా తిన్నవాళ్ళకి పేగులో బద్దెపురుగు పడుతుంది. ఆ మనిషి మలంలోని గుడ్లు చేతులకో, పచ్చి కూరకో అంటి ఎవరి నోట్లోకైనా రావచ్చు. క్యాబేజీ తింటే మెదడుకి పురుగు ఎక్కుతుందని దాన్ని ఆడిపోసుకుంటారు గానీ, క్యాబేజీలో పుట్టే పురుగు కాదది. కడగని కొత్తిమీరైనా ఒకటే. ఇంట్లో అందరం మలం పరీక్షకి ఇచ్చాం. పురుగున్నట్టు తేలినవాళ్ళకి నిక్లోసమైడో, ప్రాజిక్వాంటెలో ఒక్క డోసు. ప్రాజిక్వాంటెల్ మెదడు దాకా పోతుంది, తెలియని తిత్తి ఉన్నవాళ్ళకి ఫిట్స్ తెప్పించొచ్చు, సొంతంగా కొని మింగకండి.

పురుగు మందు అయిపోయింది గానీ స్టెరాయిడ్ మెల్లగా తగ్గించాలి, ఫిట్స్ మందు మానకూడదు. ఆరు నెలలకి మళ్ళీ ఎమ్మారై. రింగు పోయిందో, సున్నపు చుక్కగా మిగిలిందో చూసి అప్పుడు చెబుతారు.

అయ్యో, చాలామందిని మర్చిపోయాను. ఓపీ అయిపోయినా తలుపు తీసి కళ్ళలో చుక్కలేసిన సిస్టరుకి, స్కానింగ్ తేదీ మూడు వారాల తర్వాత ఇస్తే ఎవరో రాని పేరు చోట మా పేరు రాసిన క్లర్కుగారికి, స్ట్రెచరు తోసి పది రూపాయలు కూడా పుచ్చుకోని వార్డుబాయికి, మా డ్యూటీలు మోసిన ఇద్దరు ఆశా అక్కలకి నా దణ్ణాలు.

పక్క మంచం అవ్వకి కూడా. "కొవ్వు కావాలంటగా" అని తన ఇంటి నెయ్యి సీసా మొత్తం నాకిచ్చేసి, మేం చూసుకునేలోపు డిశ్చార్జి అయి వెళ్ళిపోయింది. ఎర్ర మూత హార్లిక్స్ సీసా, కడిగి పెట్టాను. ఆ వార్డులో ఆ రోజుల్లో ఉన్నవాళ్ళెవరైనా ఇది చదివితే, ఆవిడది ఏ ఊరో చెప్పండి.