ఫీజులో కలిపిన కెమెరా

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్ ఫలితాలు రాగానే మా పాలకొల్లులో ఫిల్మ్ స్కూళ్ల కరపత్రాలు మళ్లీ తిరుగుతున్నాయి. 'ఫీజులోనే కెమెరా' అన్న మాట నమ్మి, కొబ్బరితోట మీద అప్పు తెచ్చి, మావాణ్ణి అలాంటి ఓ ప్రైవేటు స్కూల్లో చేర్చాను. కెమెరా ఇచ్చారు, కాదనను. కానీ దాంతో వచ్చిన కిట్ లెన్సు జూమ్ చేస్తే ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది, అంటే అంతకంటే ఎక్కువ తెరుచుకోదు, వెలుతురు చాలదు. పొద్దువాలాక నరసాపురం రేవులో తీస్తే బొమ్మంతా ఇసక చల్లినట్టు వచ్చింది. బ్యాటరీ ఒక్కటే. మైకు లేదు, ట్రైపాడ్ లేదు. పెళ్లిళ్లు తీసే మా వీధి కుర్రాడు ఇంతకంటే మంచిది రోజు అద్దెకు తెచ్చుకుంటాడు!

చదువే దండగని అనడం లేదు. ఎడిటింగ్, సౌండు అక్కడే నేర్చాడు. ఇప్పుడొచ్చే పనులన్నీ అక్కడి స్నేహితుల వల్లే. దాసరి, అల్లు రామలింగయ్య ఏ స్కూల్లో చదివారని మా ఊళ్లో వాదిస్తుంటారు. వాళ్లకు నాటకాలుండేవి, ఇప్పటి పిల్లలకు అదీ లేదు కదా.

1960లో పుణెలో పెట్టిన ప్రభుత్వ ఫిల్మ్ సంస్థలో విద్యార్థులు సంస్థ కెమెరాలతోనే నేర్చుకుంటారు. ప్రైవేటు స్కూళ్లు కనీసం కెమెరా ధర విడిగా చూపించి, వద్దన్నవాళ్లకు ఆ మేరకు ఫీజు తగ్గించాలి.

— ఒక విద్యార్థి తండ్రి, పాలకొల్లు