ఎడమ బ్రేకు నొక్కి పడ్డ నన్ను లేపినవాళ్లకి

అందరికీ నమస్కారం. ఈ పోస్టు రాయాలని ఇంటికి తిరిగొచ్చినప్పటి నుంచీ అనుకుంటున్నా. మోచెయ్యి మానేదాకా టైపు చెయ్యడం కుదరలేదు. కిందటి సెప్టెంబరులో మా అమ్మాయితో కలిసి ఫ్రాన్స్‌లో బర్గండీ ద్రాక్షతోటల మధ్య ఆరు రోజుల సైకిల్ యాత్రకి వెళ్లాను. మొదటి రోజే పడ్డాను. ఆ రోజు నన్ను లేపి, కట్టు కట్టించి, సాయంత్రానికి సైకిల్ మీదే ఊరు చేర్చినవాళ్లకి థాంక్స్ చెప్పుకోవాలనే ఇదంతా. వాళ్లెవరికీ తెలుగు రాదు. అమ్మాయి ఫ్రెంచిలోకి మార్చి పంపిస్తానంది, కాబట్టి ఇందులో దాన్ని ఏమీ అనను.

నాకు యాభై ఆరేళ్లు. మేడ్చల్ దగ్గర టీచరుగా చేసి ముందే రిటైర్మెంట్ తీసుకున్నాను. పొద్దున్నే సైకిల్ తొక్కడం ఆరేళ్ల అలవాటు. వైన్ ముట్టను. "తాగనిదానివి ఆ ఊళ్లకి ఎందుకు పోయినవే" అని మా అక్క ఇప్పటికీ అడుగుతుంది. నేను పోయింది తోటల కోసం. మా నాన్నకి శామీర్‌పేట వైపు మూడెకరాల అనాబేషాహీ ద్రాక్షతోట ఉండేది. రాతి కడీలు, వాటికి ఇనుప తీగలు, పైన పందిరి. కింద నడుస్తుంటే మిట్టమధ్యాహ్నం కూడా చీకటిగా ఉండేది. నేను తొమ్మిదో క్లాసులో ఉండగా బోర్లు ఎండిపోయాయి, తోట పోయింది. ద్రాక్షతోట అంటే నాకు తలెత్తి చూసేదే.

బర్గండీలో తల దించి చూడాలి. మొక్కలు బారులు తీరి ఉంటాయి, మంచి ఏపు మీద ఉన్నది కూడా నా ఛాతీ దాటలేదు, గుత్తులైతే మోకాళ్ల దగ్గర వేలాడుతున్నాయి. పందిరి లేదు, నీళ్ల కాలవ లేదు. కోతల కాలం, బారుల మధ్య మనుషులు వంగి కత్తెరలతో కోస్తున్నారు.

బయల్దేరింది బోన్ అనే ఊరి నుంచి. అక్కడ 1443లో పేద రోగుల కోసం కట్టించిన ఆసుపత్రి ఒకటుంది. లోపలి పెరట్లో నిలబడి చూస్తే పైకప్పు పెంకులు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో చాప అల్లినట్టు ఉంటాయి. దానికి దాతలు ఇచ్చిన ద్రాక్షతోటలు ఇప్పటికీ ఉన్నాయి. వాటి వైన్‌ని ఏటా నవంబరులో వేలం వేసి, ఆ డబ్బు ఆసుపత్రికీ దానధర్మాలకీ వాడతారు. మన దేవుడి మాన్యాల్లాంటి ఏర్పాటన్నమాట. పొద్దున ఆ ఫొటోలు చాలా తీశాను. బయటికొచ్చాక గైడ్ అందర్నీ నిలబెట్టి సైకిల్ గురించి చెబుతుంటే, నేను ఫోన్‌లో ఆ ఫొటోలే చూసుకుంటున్నాను. తప్పు నాదే, ముందే ఒప్పుకుంటున్నా.

మన దగ్గర కుడిచేతి బ్రేకు ముందు చక్రానికి, ఎడమచేతిది వెనక చక్రానికి. అక్కడ తారుమారు. గైడ్ చెప్పిందీ అదే.

మా దారి బోన్ నుంచి సాంత్‌నే దాకా 22 కిలోమీటర్లు, తోటల మధ్య నుంచే. పొమ్మార్ దాటి వోల్నే ఎక్కేటప్పుడు కొంచెం ఆయాసం వచ్చింది, అంతే. వోల్నే నుంచి మెర్సోకి దిగుడు. గాలి మొహానికి తగులుతోంది, హాయిగా ఉంది, ఒక మలుపులో అలవాటు కొద్దీ ఎడమకి జరిగాను. అక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయని గుర్తొచ్చేసరికి ఎదురుగా ట్రాక్టరు. మామూలు ట్రాక్టరు కాదు, కాళ్లు పొడుగ్గా ఉండి మొక్కల బారు పైనుంచి అటో కాలు ఇటో కాలు వేసుకుని నడిచేది. దానికి దారి ఇద్దామని వెనక బ్రేకు అనుకుని ఎడమది గట్టిగా నొక్కాను. ముందు చక్రం ఆగిపోయింది, నేను ఆగలేదు.

ట్రాక్టరాయన ఇంజన్ ఆపి, ఆ ఎత్తు సీటు మీంచి నిచ్చెన దిగి పరుగెత్తుకొచ్చాడు. నేను "అమ్మా" అన్నాను, ఇంకేం మాట రాలేదు. ఆయనకి అది "మమాఁ" అని వినపడింది. ఫ్రెంచిలో అమ్మని అలాగే అంటారు. ఈవిడ తల్లి కూడా వెంట వచ్చిందా అని రోడ్డుకి అటూ ఇటూ చూశాడు పాపం. కోతకొచ్చిన పిల్లలు నీళ్లసీసా, నా కళ్లజోడు తెచ్చిచ్చారు. ఒకమ్మాయి నా ఒళ్లో నల్లటి ద్రాక్షగుత్తి పెట్టింది. అంత నొప్పిలోనూ రెండు పళ్లు తిన్నాను. శనగగింజంత పండు, మందం తోలు, నిండా గింజలు, తీపి మాత్రం బెల్లం పాకమే. ట్రాక్టరాయన నా తలకి ఉన్న హెల్మెట్ తిప్పి చూశాడు. పక్కన బెత్తెడు పగులు. ఫ్రాన్స్‌లో పన్నెండేళ్లలోపు పిల్లలకే హెల్మెట్ తప్పనిసరి, పెద్దవాళ్ల ఇష్టం. నేను వద్దంటే పొద్దున గైడే పట్టుబట్టి పెట్టించాడు.

గైడ్ వెనకే ఉన్నాడు. ఆయన నన్నేమీ అనలేదు. "చెప్పాను కదా" అనే ఛాన్సు ఉండి కూడా అనని మనిషిని నేను చాలా తక్కువ చూశాను. ముప్పై ఏళ్లు టీచరుగా ఉండి నేను అనకుండా ఉన్న రోజు ఒక్కటీ గుర్తులేదు.

వ్యాన్ పిలిపించి మెర్సోలో మందుల షాపుకి తీసుకెళ్లాడు. అక్కడ ఫార్మసిస్టు నన్ను లోపల స్టూల్ మీద కూర్చోబెట్టి, మోచెయ్యి కడిగి, పట్టకారుతో గులకలు ఒక్కొక్కటే తీసింది. తెల్లటి సున్నపురాళ్లు. ఆవిడ వాటిని మూతలో వేస్తుంటే గైడ్ చూసి, "ఈ రాళ్ల వల్లే మెర్సో తెల్లవైన్‌కి అంత పేరు, మీరు రుచి చూడకుండానే ఒంట్లోకి తీసుకున్నారు" అన్నాడు. నవ్వితే మోకాలు లాగింది. ఆవిడ దూదికీ కట్టుకీ మాత్రమే డబ్బు తీసుకుంది.

ఇక వ్యాన్‌లో కూర్చుని సాంత్‌నే వెళ్లొచ్చు. అమ్మాయి కూడా "అమ్మా, చాలు, ఎక్కు" అంది. నాకు మనసొప్పలేదు. నా సైకిల్‌కి వెనక గేర్లు వేలాడే ముక్క వంగిపోయింది, మోకాలు సరిగ్గా మడతపడటం లేదు. అప్పుడు మా గుంపులో ఉన్న నెదర్లాండ్స్ పెద్దావిడ, డెబ్బై దాటిన మనిషి, తన కరెంటు సైకిల్ నా ముందు నిలబెట్టి, వ్యాన్‌లో ఉన్న మామూలు సైకిల్ దింపించుకుంది. "మా దేశంలో నడక కంటే ముందు ఇదే నేర్చుకుంటాం" అంది. ఆవిడ నాకంటే జానెడు పొడుగు. సీటు అడుగుదాకా దించినా నా మునివేళ్లే నేలకి ఆనాయి. ఆగినప్పుడల్లా ఆవిడ భర్త పక్కకొచ్చి హ్యాండిల్ పట్టుకునేవాడు. పులిన్యీ, షసాన్ ఊళ్లు అలాగే దాటాం.

ఎక్కేముందు గైడ్ ఎడమ బ్రేకు మీద పసుపు టేపు చుట్టాడు, నా చెయ్యి దాన్ని ముట్టుకోగానే గుర్తొచ్చేలా.

దారిలో ఒక్కో రాతిగోడ దగ్గర ఆగి, లోపలి మడి పేరు చెప్పేవాడు. బర్గండీలో అలా పేరున్న మడులు 1,247 ఉన్నాయట, 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. గోడకి ఇవతల ఒక వైన్, అవతల ఇంకో వైన్, ధరలో పదిరెట్ల తేడా. నేను మా ఊట చెలక, మర్రిచేను గురించి చెప్పాను. వాటికీ గోడలున్నాయా అని అడిగాడు. గెట్లున్నాయి, గెట్ల కోసం కొట్లాటలున్నాయి అన్నాను. ఇక్కడా అంతే అన్నాడు.

సాంత్‌నేలో అందరూ వైన్ రుచి చూస్తుంటే, గైడ్ లోపలికి వెళ్లి రైతుని అడిగి, ఆ మధ్యాహ్నమే పిండిన రసం గ్లాసుడు తెచ్చిచ్చాడు. మడ్డిగా, చెరుకురసం రంగులో ఉంది. ఇంకా పులవలేదు. మా నాన్న తోటలో పగిలిన పళ్లని అమ్మ బట్టలో వేసి పిండేది. అదే వాసన. ఇది గైడ్‌కి అప్పుడు చెప్పలేకపోయాను, ఇప్పుడు చెబుతున్నా.

మర్నాడు పొద్దున టిఫిన్‌కి దిగేసరికి నా సైకిల్ బాగై ఉంది, దాని ఎడమ బ్రేకుకీ పసుపు టేపు చుట్టి ఉంది. ఆరో రోజు అప్పగించేటప్పుడు ఆ టేపు నేనే పీకి తెచ్చుకున్నాను. బ్రేకు మీద జిగురు మరక ఉండిపోయింది. దానికి మాత్రం క్షమించాలి.