కొత్త హారన్ కొనేముందు

విజయవాడ

బుజ్జమ్మా,

నువ్వు పంపిన వీడియో నాలుగైదుసార్లు విన్నాను. నీ మియాటా కారు హారన్ ఒకసారి బొంగురుగా మూలుగుతోంది, ఒకసారి అసలు పలకడం లేదు. మిచిగన్‌లో హారన్ కొట్టేవాళ్లే ఉండరు కదా, వేసవిలో చూద్దాంలే అన్నావు. అంతవరకూ ఆగకమ్మా. అది నాలుగడుగుల ఎత్తు కారు. హైవే మీద పెద్ద ట్రక్కు నీ లేన్‌లోకి వస్తుంటే, పైన కూర్చున్న డ్రైవర్‌కి నువ్వు కనబడకపోవచ్చు. వినబడాలి. నాకు టెన్షనంతా దాని గురించే.

అలాగని ముందే కొత్త హారన్ ఆర్డర్ పెట్టకు. హారన్ మార్చినా మోగడం లేదంటూ ఆటోనగర్‌కి వచ్చే బళ్లు ఎన్నో చూశాను. స్టీరింగ్ మీద మీట నొక్కితే రిలే, అంటే కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్చు, లేస్తుంది, అసలు కరెంటు రిలే నుంచి హారన్‌కి వెళ్తుంది. రిలే ఎక్కడుందో మాన్యువల్‌లో చూసి, దాని మీద వేలు పెట్టి, ఎవరినైనా మీట నొక్కమను. టిక్‌మంటే స్టీరింగ్ వైపు బాగున్నట్టే. అనకపోతే ఫ్యూజు చూడు, అదే రకం రిలే ఇంకొకటి పెట్టి చూడు. అప్పటికీ ఉలకకపోతే స్టీరింగ్ లోపలి క్లాక్ స్ప్రింగ్, అంటే చక్రం తిరిగినా కరెంటు తెగకుండా ఉంచే చుట్టల తీగ, దాని మీద అనుమానపడాలి. దాన్ని మాత్రం నువ్వు విప్పొద్దు. అక్కడ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. షాపుకి ఇచ్చెయ్.

గొంతు అలా బొంగురుపోవడం చూస్తే నా అనుమానం ఎర్త్ మీదే, అంటే హారన్ నుంచి కరెంటు కారు బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి మీద. చలికాలమంతా మీ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ నీళ్లు బంపర్ వెనక హారన్ మీదే పడతాయి. బోల్టు కింద తుప్పు, సాకెట్‌లో పచ్చటి చిలుము. సాకెట్ ఊడదీయకుండానే మల్టీమీటర్ ఎర్ర తీగ హారన్ బ్రాకెట్‌కి, నల్ల తీగ బ్యాటరీ నెగటివ్‌కి ఆనించి హారన్ నొక్కించు. సున్నాకి దగ్గరగా ఉండాలి. అర వోల్టు దాటిందంటే ఎర్త్ అందడం లేదు. బోల్టు విప్పి, మెటల్ తళతళలాడేదాకా ఎమరీ పేపర్‌తో రుద్ది, మళ్లీ గట్టిగా బిగించు. చాలాసార్లు గొంతు అక్కడే తిరిగొస్తుంది.

రాకపోతే ఫ్యూజు పెట్టిన వైరుతో బ్యాటరీ నుంచి హారన్‌కి నేరుగా కరెంటు ఇచ్చి చూడు. అయినా మూలిగితే ఇక అది అయిపోయినట్టే. లోపల పల్చటి ఇనుప రేకు సెకనుకి నాలుగైదు వందలసార్లు అదిరితేనే ఆ మోత. రేకు తుప్పుపట్టినా, లోపల కరెంటుని కలిపి తెంచే పాయింట్లు కాలినా ఏం చేయలేం.

కొనేటప్పుడు ఒక్క సంగతి చూసుకో. పాత హారన్‌కి ఒకే వైరు ఉంటే దానికి ఎర్త్ బ్రాకెట్ నుంచే అందుతోందన్నమాట. కొత్తదానికి రెండు పిన్నులుంటే రెండోదానికి విడిగా వైరు వేసి బాడీకి బిగించాలి. ఇది తెలియక కొత్త హారన్‌నే తిట్టుకుంటారు. పని మొదలుపెట్టేముందు బ్యాటరీ నెగటివ్ తీసెయ్. నత్తగుల్ల ఆకారంలో ఉన్నదైతే మూతి కిందికి ఉండేలా బిగించు, నీళ్లు నిలవవు. పెద్ద మోత కావాలని ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజు మాత్రం పెట్టకు, వైరు కాలుతుంది.

మీటర్‌లో ఎంత చూపించిందో ఫొటో తీసి పంపు. విప్పేటప్పుడు వీడియో కాల్ చెయ్యి, ఇక్కడ ఏ టైమైనా సరే, లేస్తాను.

మీ నాన్న