పేర్లు రాయకుండానే మీ అందరికీ కృతజ్ఞతలు

ముందుగా ఒక మాట. మా చెల్లి మొత్తం చదివి సరేనన్నాకే ఇది పెడుతున్నాను. ఆనవాలు పట్టేలా ఉన్న వివరాలు కొన్ని తీసేయమంది, తీసేశాను. మీ పేర్లు గానీ, మీ సంస్థ పేరు గానీ రాయడం లేదు. మీరు పనిచేసే చోటు బయటపడితే అక్కడ తలదాచుకున్నవాళ్ల ప్రాణాల మీదికి వస్తుందని చెప్పింది మీరే. కాబట్టి ఇది ఎవరి గురించో మీకు తెలుస్తుంది. మిగతావాళ్లకు, ఇంట్లో హింస పడుతున్నవాళ్లకు, అక్రమ రవాణాలో చిక్కుకున్నవాళ్లకు అండగా నిలిచే మనుషులు ఉన్నారని తెలిస్తే చాలు.

చెల్లి మీ హెల్ప్‌లైన్‌కు మొదటిసారి ఫోన్ చేసినప్పుడు నోట మాట రాలేదట. అవతల ఫోన్ ఎత్తినావిడ, "మీరిప్పుడు మాట్లాడగలిగే చోట ఉన్నారా? అవును, కాదు అంటే చాలు" అని అడిగారట. "కాదు" అని పెట్టేసింది. తర్వాత ఎప్పుడో ధైర్యం చేసి మళ్లీ చేస్తే, అప్పుడెందుకు పెట్టేశారని అడగలేదు, ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నారనీ అడగలేదు. "మళ్లీ చేశారు, మంచి పని చేశారు" అన్నారట. ఆ మాట వినబట్టే మిగతాదంతా చెప్పగలిగానని చెల్లి ఇప్పటికీ అంటుంది.

అప్పటికి మా ఇంట్లో సలహాలకు కొదవ లేదు. పిల్ల కోసం సర్దుకుపొమ్మన్నవాళ్లు కొందరు, ఇవాళే బట్టలు సర్దుకుని వచ్చేయమన్నవాళ్లు కొందరు. తన మీద ప్రేమతోనే అన్నారు, కాదనను. కానీ ఇటువాళ్లూ అటువాళ్లూ కూడా తన తరఫున తామే తేల్చేశారు. అక్కడ చెల్లి భర్త చేసేదీ అదే కదా. ఏం కట్టుకోవాలో, ఎవరితో మాట్లాడాలో, జీతం ఎవరి చేతిలో ఉండాలో అన్నీ ఆయనే తేల్చేవాడు. మీరు మాత్రం ప్రతి అడుగు దగ్గరా ఆగి "మీరేం అనుకుంటున్నారు?" అని అడిగారు. కేసు పెట్టాలా వద్దా, పెడితే ఎప్పుడు, ఇంట్లో ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు, అన్నీ తననే అడిగారు. ఒకసారి వద్దని, మళ్లీ కావాలని, మళ్లీ వద్దన్నా మీ గొంతులో విసుగన్నది వినపడలేదు. మీరు చేసిన సాయాల్లో అన్నిటికన్నా పెద్దది ఇదేనని నా నమ్మకం. ఏళ్ల తరబడి తన చేతిలోంచి లాక్కున్న నిర్ణయాలను ఒక్కొక్కటిగా తనకే తిరిగిచ్చారు.

ఆ క్యాలెండర్ సంగతి రాయకుండా ఉండలేను. అంతకుముందు ఎవరడిగినా "ఎప్పుడో కోపం వచ్చినప్పుడు చెయ్యి చేసుకుంటాడు, అంతే" అనేది. మీలో ఒకావిడ గడిచిన ఏడాది క్యాలెండర్ తన ముందు పెట్టి, గుర్తున్న రోజుల దగ్గర గీత పెట్టమన్నారు. చెల్లి నన్ను పక్కన కూర్చోమంది. పాప పుట్టినరోజు, స్కూలు తెరిచిన రోజు, తనకు జ్వరం వచ్చిన వారం, ఇలా ఏదో ఒకటి ఆసరా చేసుకుని గుర్తు తెచ్చుకుంటూ పెన్సిల్‌తో గీతలు పెడుతూ పోయింది. మొదటి నెలల్లో దూరం దూరంగా ఉన్న గీతలు, కాగితం చివరికొచ్చేసరికి పక్కపక్కనే పడుతున్నాయి. పెన్సిల్ కింద పెట్టి, "పెరుగుతోంది కదా అక్కా" అంది. ఆ మాట తన నోటితో తనే అనేదాకా మీరు ఆగారు.

అది 1980ల్లో జాక్వెలిన్ క్యాంప్‌బెల్ అనే నర్సు, హింసకు గురైన స్త్రీలతో మాట్లాడి తయారుచేసిన ప్రశ్నావళిలో భాగమని తర్వాత చెప్పారు. ప్రాణానికి ఎంత ముప్పుందో అంచనా వేయడానికి వాడతారట. క్యాలెండర్ అయ్యాక ప్రశ్నలు. ఇంట్లో ఆయుధం ఉందా, చంపుతానని బెదిరించాడా, వెంటపడి నిఘా పెడతాడా, ఎప్పుడైనా గొంతు నులిమాడా. ఆ చివరిదానికి చెల్లి "ఆ, కానీ మచ్చేమీ పడలేదు" అని తేలిగ్గా అనేసింది. ఆవిడ రాయడం ఆపేశారు. మెడ మీద మచ్చ లేకపోయినా లోపల రక్తనాళాలు దెబ్బతినొచ్చని, గొంతు బొంగురుపోవడం, మింగడానికి ఇబ్బంది, కళ్లలో ఎర్రటి చుక్కలు లాంటివి కనిపిస్తే ఆలస్యం చేయకూడదని, ఒకసారి గొంతు నులిమిన మనిషి చేతిలో ప్రాణం పోయే ప్రమాదం బాగా పెరుగుతుందని నెమ్మదిగా, ఒక్కొక్క మాటా అర్థమయ్యేలా చెప్పారు. డాక్టరు దగ్గరికి వెళ్దామా అని అడిగారు. వెళ్దామంది. అక్కడ కూడా డాక్టరు అడిగినవాటికి తను జవాబు చెప్పేదాకా మీరు మధ్యలో మాట్లాడలేదు. తను చెప్పింది చెప్పినట్టు రిపోర్టులో ఎక్కిందో లేదో మాత్రం చూసుకున్నారు. కోర్టులో ఆ కాగితం ఎంత పనికొచ్చిందో మాకు తర్వాత తెలిసింది.

ఇల్లు వదిలి రావడంతో గండం గట్టెక్కినట్టే అనుకుంటారు చాలామంది. నిజానికి విడిపోయే సమయంలో, విడిపోయిన కొత్తలో ప్రాణాపాయం ఇంకా ఎక్కువని పరిశోధనల్లో పదే పదే తేలిందట. అందుకే మీరు తొందరపెట్టలేదు. ముఖ్యమైన కాగితాల కాపీలు ముందే నా దగ్గరికి చేరాయి. తనూ నేనూ ఒక మాట అనుకున్నాం. ఫోన్‌లో "పాత పుస్తకాలు సర్దాలి" అని తను అంటే ఇంకేమీ అడగకుండా నేను పోలీసులకు ఫోన్ చేయాలి. గొడవ మొదలైతే వంటగదిలోకి గానీ బాత్రూమ్‌లోకి గానీ వెళ్లకూడదని, బయటికి దారి ఉన్న గదిలోనే ఉండాలని కూడా మీరే చెప్పారు. అలాంటి సమయంలో ఇది మాకెవరికి తడుతుంది?

ఫోన్ల సంగతి చూసిన ఆ తమ్ముడికి ప్రత్యేకంగా థ్యాంక్స్. తన ఫోన్‌లో లొకేషన్ ఆయనకు కనపడుతోందని తెలియగానే ఆపేద్దామని మేం కంగారుపడ్డాం. వద్దన్నాడు. ఉన్నట్టుండి ఆపేస్తే అవతలి మనిషికి అనుమానం వస్తుంది, ఆ ఫోన్ అలాగే ఉండనిచ్చి ఈ మాటలన్నీ వేరే ఫోన్‌లో మాట్లాడండి అన్నాడు. పాప ఆడుకునే ట్యాబ్ గురించి అడిగింది కూడా అతనే. అది వాళ్ల నాన్న అకౌంట్‌తోనే నడుస్తోంది. పాప కొత్త చోట ఒక్క ఫొటో తీసినా నేరుగా ఆయనకు చేరేది. ట్యాబ్ వదిలేసి రావాల్సి వచ్చింది. పాప చాలా ఏడ్చింది. ఆ రోజు పాపతో కూర్చుని, దాని బదులు ఏమీ కొనిస్తానని ఆశపెట్టకుండా, అందులో ఏ ఆటలుండేవో, ఎన్నో లెవెల్‌కు వచ్చిందో అన్నీ ఓపిగ్గా అడిగి వింటూ కూర్చున్నావిడకు నమస్కారాలు. పాప ఇప్పటికీ మిమ్మల్ని అడుగుతుంది. అమ్మానాన్నలు పోట్లాడుకుంటుంటే మధ్యలోకి వెళ్లొద్దు, అమ్మను కాపాడటం నీ పని కాదు, నువ్వు బయటికి వెళ్లి పెద్దవాళ్లకు చెప్పు అని తనకు అర్థమయ్యే మాటల్లో చెప్పింది మీరే. అంత చిన్నది తన నెత్తిన ఎంత భారం పెట్టుకుందో మాకు అప్పుడే తెలిసింది.

మా అమ్మ సంగతి వేరు. ఇల్లు వదిలి వచ్చాక చెల్లి తలదాచుకున్న చోటు అడ్రసు అమ్మకు కూడా చెప్పలేదు. కన్నతల్లికే చెప్పరా అని అమ్మ బాధపడింది. మీలో పెద్దావిడ చెల్లిని అడిగి, ఒప్పుకున్నాక అమ్మకు ఫోన్ చేసి, "మీ మీద నమ్మకం లేక కాదమ్మా. రేపు ఎవరైనా వచ్చి మిమ్మల్ని నిలదీస్తే, తెలియని అడ్రసు మీరు చెప్పలేరు కదా. ఆ బరువు మీ మీద పడకూడదనే" అన్నారు. అమ్మ నెమ్మదించింది. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడూ ఫోన్ చేసి "క్షేమంగా ఉన్నారు" అని చెప్పేవారు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పేవారు కాదు. మా ఇంటికే ఎందుకిలా జరిగిందని అమ్మ ఒకరోజు కుమిలిపోతుంటే, లోకంలో ప్రతి ముగ్గురు స్త్రీలలో దాదాపు ఒకరు ఎప్పుడో ఒకప్పుడు శారీరక హింసో లైంగిక హింసో అనుభవించినవాళ్లేనని, చాలావరకు అది భర్త లేదా సహచరుడి చేతిలోనేనని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన లెక్క చెప్పారట. అదేమీ ఊరట కలిగించే విషయం కాదు. కానీ తన పెంపకంలో లోపం వల్లే ఇలా అయిందన్న దిగులు అమ్మకు ఆ రోజుతో తగ్గింది.

మీ ఆఫీసులో మాలాగే ఎదురుచూస్తూ కూర్చునే ఒక తల్లి పరిచయమైంది. ఆవిడ కొడుకు పనికని వెళ్లి చిక్కుకుపోయాడు. చెప్పిన పని వేరు, చేయించింది వేరు. గుర్తింపు కాగితాలు లాక్కున్నారు. తీసుకెళ్లిన ఖర్చు, పడుకున్న చోటుకి అద్దె, చేయని తప్పులకు జరిమానా, అన్నీ అప్పు కింద రాసి, తీరేదాకా కదలడానికి వీల్లేదన్నారు. ఎంత పనిచేసినా తీరని అప్పది. మనుషుల అక్రమ రవాణా అంటే ఆడపిల్లల విషయమేననుకుని, చుట్టుపక్కలవాళ్లు "మగపిల్లాడు, పారిపోయి రాలేడా" అన్నారట. ఆవిడను ఇంకా తినేస్తున్నది వేరే మాట: "వాడే ఇష్టపడి సంతకం పెట్టి వెళ్లాడు కదా." 2000లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన ఒప్పందం ప్రకారం మోసంతోనో బెదిరించో రాబట్టిన అంగీకారం లెక్కలోకి రాదని, బలవంతపు చాకిరీ కూడా ఆ నేరం కిందికే వస్తుందని మీరు చెప్పినప్పుడు నేనక్కడే ఉన్నాను. ఆవిడ ఆ మాట మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ చెప్పారు. ఇంటికెళ్లి మా ఆయనకు చెప్పాలి, కాగితం మీద రాసివ్వండి అంటే, పెద్ద పెద్ద అక్షరాలతో రాసిచ్చారు.

అబ్బాయి తిరిగొచ్చాడు. ఈ సంగతి ఆవిడ రాయమంటేనే రాస్తున్నాను. అతను లైటు ఆర్పనిచ్చేవాడు కాదట, ఎవరైనా వెనకనుంచి పిలిస్తే ఉలిక్కిపడేవాడట. చూడటానికొచ్చిన ప్రతి ఒక్కరూ ఏం జరిగిందో చెప్పమనేవారు. అలా పదే పదే చెప్పించడమంటే ఆ రోజుల్లోకి మళ్లీ మళ్లీ తోసెయ్యడమేనని మీరు ఇంట్లోవాళ్లకు నచ్చజెప్పారు. అధికారుల ముందు వాంగ్మూలం ఇచ్చే రోజున మీలో ఒకాయన పక్కనే ఉండి, అతను ఆగినప్పుడల్లా "కాసేపు ఆగుదాం" అని అడిగి విరామం ఇప్పించారు. చెల్లి విషయంలో మీరు చేసిందీ ఇదే. ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి, ఎప్పుడు ఆపాలి అన్నది చెప్పే మనిషి ఇష్టానికే వదిలేశారు.

కోర్టు రోజుల గురించి ఎక్కువ రాయలేను, కేసు ఇంకా నడుస్తోంది. వాయిదాకి వెళ్లిన ప్రతిసారీ మీలో ఎవరో ఒకరు ముందే వచ్చి, అవతలివాళ్లు కనపడకుండా చెల్లికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చునేవారు. గంటల తరబడి అలాగే. ఒక్కోసారి మాటల్లేకుండానే పొద్దుగడిచేది. చివరికి వాయిదా పడిందని తెలిసి అందరం ఉసూరుమంటూ బయటికొస్తుంటే, తర్వాతి తేదీ డైరీలో రాసుకుని "నేను వస్తాను" అనేవారు. మీరు రాకుండా ఉన్న రోజు లేదు.

ఇది జీతం తీసుకుని చేసే పని కాదని, మీలో చాలామందికి వేరే ఉద్యోగాలున్నాయని మాకు ఆలస్యంగా తెలిసింది. ఫోన్ ఎత్తడానికి ముందు ఎంత శిక్షణ తీసుకుంటారో, ఒకరి గోడు విన్నాక అది మీ నిద్రను కూడా పాడుచేయకుండా మీలో మీరు కూర్చుని ఎలా మాట్లాడుకుంటారో ఆ పెద్దావిడ చెబితే విన్నాను. దయచేసి ఆ కూర్చోవడం మాత్రం మానకండి. సెలవు కావాల్సినప్పుడు తీసుకోండి. మాలాంటివాళ్లు ఇంకా ఎంతోమంది ఫోన్ చేస్తారు, మీరు బాగుండాలి.

చెల్లి పనిలో చేరింది. జీతం తన అకౌంట్‌లోనే పడుతోంది. రాత్రిళ్లు ఇంకా కొన్నిసార్లు భయపడుతుంది. మీ కౌన్సెలింగ్‌కు వెళ్తూనే ఉంది. పాపకు కొత్త స్కూలు నచ్చింది.

అర్ధరాత్రి ఫోన్ మోగితే మీరు లేచి వెళ్లినప్పుడు, ఎక్కడికి, ఎవరి కోసం అని అడగకుండా తలుపు వేసుకున్న మీ ఇంట్లోవాళ్లకు కూడా మా నమస్కారాలు చెప్పండి. చెల్లి మీకు రాసిన ఉత్తరం వేరే ఉంది, అది మీ ఆఫీసులో ఇచ్చాం. ఇది అమ్మ తరఫున, పాప తరఫున, నా తరఫున.

– ఒక అక్క