కుట్లు చూశారు, కోపం గురించి అడగలేదు: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయురాలిని. రెండేళ్ల క్రితం మా వారు తాడేపల్లిగూడెం నుంచి రాత్రివేళ ఇంటికి వస్తూ, జాతీయ రహదారి పక్కన లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీని బండితో గుద్దుకున్నారు. హెల్మెట్ బండికి తగిలించి ఉంది గానీ తలకు లేదు. ఆ తప్పు మాదే. నుదుటి వెనుక మెదడుకు దెబ్బ తగిలి రక్తం గడ్డకట్టిందని తెల్లవారకముందే ఆపరేషన్ చేశారు. ప్రభుత్వ ఆరోగ్య పథకం ఉండబట్టి మా పొలం అమ్మకుండానే ఆయన బతికారు. కనుక ఇది ఆ వైద్యుల మీద ఫిర్యాదు కాదు. పంతొమ్మిదో రోజున ఇంటికి పంపాక ఆయన ప్రవర్తనలో వచ్చిన మార్పుల గురించి, అప్పుడు మాకు దిక్కెవరూ లేకపోవడం గురించి రాస్తున్నాను.

'ప్రాణం దక్కింది, అదే పదివేలు' అన్నారు చూడవచ్చిన బంధువులందరూ. నేనూ అలాగే అనుకున్నాను. మా వారు ఎరువుల దుకాణంలో ఇరవై రెండేళ్లు లెక్కలు రాసిన మనిషి. చిల్లరను రెండుసార్లు ఎంచనిదే జేబులో వేసుకునేవారు కారు. ఇంటికి వచ్చిన రెండో నెలలో పాలుపోసే అబ్బాయికి వరసగా నాలుగు రోజులు ఐదువందల నోటు ఇచ్చి, మిగతాది అడగకుండా లోపలికి వచ్చేశారు. ఆ పిల్లవాడు మంచివాడు గనుక ఐదో రోజున మొత్తం తెచ్చి నా చేతిలో పెట్టాడు. కుక్కర్ మూడో విజిల్ వేసేసరికి చేతిలో గ్లాసు ఉంటే గ్లాసు, రిమోట్ ఉంటే రిమోట్ గోడకు తగిలేది. మా మేనమామ గారి పెద్దకర్మ నాడు పంక్తిలో కూర్చుని పెద్దగా నవ్వి, మా అత్తయ్యను పట్టుకుని అనకూడని మాట అన్నారు. ఆ రాత్రి అడిగితే, 'నేనెప్పుడన్నాను?' అని నిజంగానే తెల్లబోయారు. మిగిలిన రోజుల్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకే కుర్చీలో ఉండేవారు. చెబితే తప్ప స్నానానికి కూడా లేచేవారు కారు. ఊళ్లో కొందరు తాగుడు మరిగాడన్నారు, కొందరు గాలి సోకిందన్నారు, మా అత్తగారు తాయెత్తు కట్టించారు. వాళ్లననేదేముంది, బి.ఎడ్.లో మనోవిజ్ఞానం చదువుకున్న నేనే ఆయన కావాలని చేస్తున్నారనుకుని ఏడాదిపాటు పోట్లాడాను.

నోటికి వచ్చిన మాటను ఆపుకోవడం, ఒక పని తలపెట్టి పూర్తి చేయడం, ఎదుటివారి ముఖం చూసి మసలుకోవడం వంటివాటిని నడిపించేది ప్రధానంగా నుదుటి వెనుక ఉండే మెదడు భాగమేనని, అక్కడ దెబ్బ తగిలితే కోపం, నిర్లిప్తత, మర్యాద తప్పడం వ్యాధి లక్షణాలుగానే వస్తాయని నాకు తెలిసింది ఆసుపత్రిలో కాదు, అంతర్జాలంలో వెతుక్కుంటే. అన్నిటికన్నా చిక్కు ఏమిటంటే, ఆ మార్పు వచ్చినట్టు చాలాసార్లు రోగికే తెలియదు. అందువల్ల ఫాలోఅప్‌కు వెళ్లిన ప్రతిసారీ ఓపీ గదిలో ఒకే సంభాషణ జరిగింది. 'ఎలా ఉన్నారు?' 'బావున్నానండీ.' కుట్లు మానాయా, ఫిట్స్ వచ్చాయా, చేయి ఎత్తండి, మందులు అవే వాడండి. పక్కన నిలబడ్డ నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన ఎదుటే ఆయన మీద చెప్పడానికి నాకు నోరు రాలేదు. డిశ్చార్జి కాగితాన్ని ఇప్పటికీ ప్లాస్టిక్ కవరులో దాచాను. అందులో నాలుగు వరుసల మందులు, కుట్లు విప్పే తేదీ, 'బరువులు ఎత్తరాదు' అన్న సూచన ఉన్నాయి. ప్రవర్తన గురించి ఒక్క అక్షరం లేదు.

ఆ నాలుగు వరుసల్లో ఒకటి ఫిట్స్ రాకుండా ఇచ్చే లెవెటిరాసెటమ్. మంచి మందే, మా వారికి మొదట్లో అవసరమైనదే. కానీ కొందరిలో అది చిరాకునూ కోపాన్నీ పెంచుతుందని వైద్యులకు బాగా తెలిసిన సంగతి. మా వారికి ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు. అయినా పద్నాలుగు నెలలు అదే మోతాదు సాగింది. మా పాఠశాల ప్రధానోపాధ్యాయిని చెప్పగా ఒక మానసిక వైద్యుని దగ్గరకు వెళ్తే, ఆయన నన్ను విడిగా కూర్చోబెట్టి అరగంట అడిగి, న్యూరాలజిస్టుతో మాట్లాడి, మందును నెమ్మదిగా తగ్గించి మార్పించారు. నెల తిరిగేసరికి గోడకు గ్లాసులు తగలడం చాలావరకు ఆగింది. (ఇది చదివి ఎవరూ ఫిట్స్ మందును సొంతంగా మానకండి, అది ప్రమాదం.) మతిమరుపు పోలేదు, చొరవ తిరిగి రాలేదు. కానీ ఆ అరగంట మొదటి మూడు నెలల్లోనే దొరికి ఉంటే మా అబ్బాయి ఇంటర్ చదువు మానేసి హైదరాబాద్ వెళ్లిపోయేవాడు కాదు.

మంత్రి గారూ, కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల మృతులు 1,68,491 మంది, క్షతగాత్రులు 4,43,366 మంది. ఆ రెండో అంకెలో ఎందరు తలదెబ్బతో స్వభావం మారి ఇంటికి చేరారో చెప్పే గడి లేదు. ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదురహిత చికిత్స అందించే కేంద్ర పథకం 2025లో వచ్చింది, సంతోషం. మా కష్టం మాత్రం ఎనిమిదో రోజు తర్వాతది.

నేను కోరేది కొత్త భవనాలు కాదు. తలకు గాయమైన ప్రతి రోగికీ డిశ్చార్జి నాడు తెలుగులో ఒక్క పేజీ ఇప్పించండి: ఏ మార్పులు రావచ్చు, వస్తే ఎవరి దగ్గరకు వెళ్లాలి, కొంతకాలం డబ్బు, బండి తాళాలు ఎవరి చేతిలో ఉంచాలి. ఫాలోఅప్‌లో తోడు వచ్చినవారిని విడిగా పది నిమిషాలు అడగడాన్ని నియమం చేసి, మానసిక వైద్యుడు లేదా క్లినికల్ సైకాలజిస్టు చూడడాన్ని రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య పథకమైన డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ చెల్లింపులో చేర్చండి. పసిబిడ్డ ఉన్న ఇంటికి ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు వచ్చే పద్ధతి మనకు ఉన్నదే; తల ఆపరేషన్ అయిన ఇంటికి మొదటి ఏడాదిలో నాలుగుసార్లు రావడం మోయలేని భారం కాదనుకుంటాను.

ఇక వైకల్యం ఎంత శాతమో తేల్చి ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో నరాల జబ్బులైన పార్కిన్సన్స్ పేరు ఉంది, మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు ఉంది, తలగాయం పేరు లేదు. మా వారిని నడవమన్నారు, నడిచారు. చేయి ఎత్తమన్నారు, ఎత్తారు. పింఛనుకు కావలసిన 40 శాతం వైకల్యం రాలేదు, నెలకు 6,000 రూపాయల పింఛనూ రాలేదు. లెక్కల పుస్తకం ఇచ్చి ఒక్క పేజీ కూడమని ఉంటే తెలిసేది. చట్టాన్ని మార్చడం కేంద్రం పని, దానికి మీరు లేఖ రాయగలరు. మానసిక అనారోగ్యం కింద దరఖాస్తు చేసే తలగాయం రోగుల విషయంలో ఇంటివారి వాంగ్మూలం తప్పక నమోదు చేయాలని ఈలోగా సదరం వైద్య బోర్డులకు చెప్పడం మీ చేతిలో ఉంది.

వచ్చే నెల 9న మా వారికి మళ్లీ న్యూరోసర్జరీ ఓపీ ఉంది. 'బావున్నానండీ' అనే ఆయన చెబుతారు. డాక్టరు గారు తల తిప్పి నావైపు కూడా చూసేలా ఒక్క ఉత్తర్వు అప్పటికి వస్తుందేమోనని చూస్తాను.

భవదీయురాలు,
ఒక ఉపాధ్యాయురాలు, పశ్చిమ గోదావరి జిల్లా